ఋతుశాలలో లక్ష వత్తులు

"ఇది శరత్తు కాదు," అంది లిఖితమ్మ, ఒళ్ళో పత్తిని పళ్ళెంలోకి దులిపేస్తూ.

ప్రయోగం మొదలై అది ఇరవై రెండో రోజు. ఆ మాట ఆమె నోటి వెంట రావడం ఎన్నోసారో ఎవరూ లెక్కపెట్టలేదు. అద్దం అవతల కూర్చున్న డాక్టర్ ఆద్య కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత మైకులో మెల్లగా అడిగింది.

"ఈసారి ఏం తేడా వచ్చింది మామ్మగారూ?"

"చెమ్మగా ఉందమ్మా గాలి. వత్తి వేలికి అంటుకుంటోంది. నిన్నేమో మరీ పొడి. పత్తి లేచిపోయి పైడిరాజన్నయ్య మీసం మీద వాలింది."

"నా మీసం సంగతి ఎందుకిప్పుడు," అన్నాడు పైడిరాజు, గవ్వలు గుప్పిట్లో ఆడిస్తూ. ఎదురుగా నేల మీద సుద్దముక్కతో గీసిన అష్టాచెమ్మా గళ్ళు ఉన్నాయి. "గాలి బానే ఉంది. వెన్నెలే బాలేదు. వెన్నెలంటే అలాగ ట్యూబులైటులాగ ఉంటాదేటి?"

"ముందు గవ్వలు వెయ్యన్నా," అంది నస్రీన్. "వెన్నెల తప్పయితే నీ కాయ పండిపోతుందా?"

ముగ్గురి చేతులకీ సన్నటి పట్టీలున్నాయి. వాళ్ళ తలల మీద చంద్రుడున్నాడు. గోడ అవతల మాత్రం మధ్యాహ్నం మూడు గంటలు, నలభై డిగ్రీల ఎండ.

అది రెండు వేల ఎనభై నాలుగో సంవత్సరంలోని విశాఖపట్నం. వానాకాలానికీ చలికాలానికీ మధ్య ఒకప్పుడు ఇంకో కాలం ఉండేది. ఆకాశం కడిగిన గిన్నెలా మెరిసేది. పొద్దున్నే గడ్డి మీద తడి ఆరుతుంటే ఒక వాసన వచ్చేది. సాయంత్రం గుమ్మాల్లో దీపాలు పెడితే ఆరిపోకుండా, అలాగని మరీ నిలకడగానూ ఉండక, మనసులో మాట చెప్పబోయి ఆగినట్టు ఊగేవి. ఆ కాలం ఆఖరిసారి వచ్చింది రెండు వేల నలభై నాలుగులో. ఆ తర్వాత ఆశ్వయుజం అంటే ఎండ, కార్తీకం అంటే తుఫాను మీద తుఫాను. డెబ్భై దాటినవాళ్ళు ఆ రెండు నెలలూ బయట తిరగకూడదని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. లోపలే ఉండాలి సరే, లోపల కూర్చుని ఏం చెయ్యాలి? అందుకు పుట్టిందే సీతమ్మధార కొండవాలులోని ఋతుశాల. పొద్దున్నే మూసిన బండిలో తీసుకొచ్చి, సాయంత్రం ఇళ్ళ దగ్గర దింపేస్తారు.

మొదట్లో దాన్ని ఎవరో పైదేశం నుంచి వచ్చిన ఫైలు చూసి కట్టారు. వయోవృద్ధులకు శరత్కాల వినోదాలు అని అందులో ఒక జాబితా ఉంది. ఎండుటాకులకు రంగులు వెయ్యడం, గుమ్మడికాయకి కళ్ళూ ముక్కూ చెక్కడం, ఉన్ని టోపీ అల్లడం. మొదటి రోజు గది కప్పు మీంచి ఎర్రటి ఆకులు జలజలా రాలాయి. పైడిరాజు తల మీద పడ్డ ఆకుని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ చెట్టుకేటి జబ్బు చేసింది?" అన్నాడు. గుమ్మడికాయని నస్రీన్ ఇంటికి పట్టుకుపోయి దప్పళం పెట్టింది. మర్నాడే ఆద్య ఆ ఫైలు పక్కన పడేసి, "మీకేం ఆడాలనిపిస్తే అవే ఆడండి. యంత్రమే మీ దగ్గర నేర్చుకుంటుంది," అంది.

ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పడం కష్టం కాదు. గోడల్లో నాలుగు వందల సన్నటి గొట్టాలున్నాయి. వాటిలోంచి గాలి, చల్లదనం, చెమ్మ, వాసన ఏ పాళ్ళలో కావాలంటే ఆ పాళ్ళలో వస్తాయి. కప్పంతా తెర, ఆకాశం అందులో ఉంటుంది. చేతి పట్టీలు నాడి చూస్తాయి, చర్మం మీద పులకరింత చూస్తాయి, గొంతులో హెచ్చుతగ్గులు వింటాయి. అన్నీ కలిపి వందకి ఒక అంకె వేస్తాయి. దాని పేరు స్పందన. శరత్తంటే ఏమిటో యంత్రానికి తెలీదు. ఆ కాలాన్ని ఒంటితో ఎరిగినవాళ్ళ ఒళ్ళు ఏం చెబుతోందో అదొక్కటే తెలుసు. కళ్ళు లేని వంటవాడు తినేవాళ్ళ చప్పుడు విని ఉప్పు సరిచూసుకున్నట్టన్నమాట. సాయంత్రానికి అంకె పెరిగినా నిలిచినా మర్నాడు అదే గాలి ఉంచుతుంది. తగ్గితే ఏదో ఒకటి మారుస్తుంది. ఎవరైనా నోటితో ఫలానాది కావాలంటే అదీ వింటుంది గానీ, ఇంకొకరు ఔనంటేనే లెక్కలో రాసుకుంటుంది. ఇలా నలభై అయిదు రోజులు. కార్తీక పౌర్ణమి నాటికి ఏ గాలికి అంకె అన్నిటికన్నా ఎక్కువ వస్తే అదే ఖరారు. రాష్ట్రంలో అరవై ఊళ్ళలో కడుతున్న అరవై ఋతుశాలలకీ అదే శరత్తు వెళుతుంది.

ఆద్యకి ముప్ఫై ఆరేళ్ళు. శరత్తుని ఆమె ఎన్నడూ చూడలేదు. చూడని మనిషిని ప్రేమించినట్టు ప్రేమించింది. అందుకే ఈ ముసలివాళ్ళు ఎన్నిసార్లు కాదన్నా ఆమెకి కోపం రాలేదు.

లిఖితమ్మకి మాత్రం ఈ ప్రయోగంతో పనిలేదు. ఆమెకి కావలసింది గాలి. వత్తులు చేసుకునే గాలి.

నలభై యేళ్ళ కిందట, ఆ ఆఖరి శరత్తులో, తనూ, అక్క ప్రత్యూషా కలిసి లక్ష వత్తుల నోము పట్టారు. చిటికెడు పత్తి తీసి, విభూతి అద్దిన వేళ్ళ మధ్య ఒక్క తిప్పు తిప్పితే సన్నటి వత్తి. నూరేసి ఒక కట్ట. ఇంట్లో కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ, ఎంత పెద్దవాళ్ళయినా చేసుకోగలిగిన పని. అరవై రెండు వేలు చేశారు. ఈలోగా కాలం పోయింది. మనిషి పోయినట్టే పోయింది. ఆ తర్వాత చెమటకి పత్తి ఉండలు కట్టేది, ఏసీలో పెడితే విరిగిపోయేది. ప్రతి ఏడూ మొదలుపెట్టడం, వందో రెండొందలో చేసి మానెయ్యడం. అవేవీ లెక్కకి నిలవలేదు. మిగిలినవి ముప్ఫై ఎనిమిది వేలు.

ప్రత్యూషకి ఇప్పుడు ఎనభై మూడు. పెదవాల్తేరులో ఒక నర్సింగ్ హోమ్‌లో మంచం మీద ఉంది. రెండేళ్ళుగా మాట దాదాపు మానేసింది. ఏడాదికి ఒక్కసారి, ఆశ్వయుజం రాగానే, చెల్లెల్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగేది. "వత్తులు అయ్యాయా?" పోయినేడు లిఖితమ్మ ఆ కళ్ళలోకి చూడలేకపోయింది. "అయిపోయాయక్కా," అనేసింది. అక్క సంతోషించి ఊరుకుంటుందనుకుంది.

"అయితే వచ్చే యేడు కార్తీక పౌర్ణమికి వెలిగిద్దాం," అంది అక్క. "నన్ను తీసుకెళ్ళు."

బజార్లో మిషను వత్తులు దొరుకుతాయి. అవి కలిపితే అక్క వేళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. అక్కకి తెలియకపోయినా తన వేళ్ళకి తెలుసు. చేసే తీరాలి అనుకుంది లిఖితమ్మ. ముప్ఫై యేళ్ళు కరెంటు సబ్‌స్టేషనులో ఆపరేటరుగా చేసిన మనిషి. మీటరు ముల్లు పడిపోకుండా రాత్రింబవళ్ళు కాపలా కాసిన మనిషి. అనుకుంటే వదలదు.

ఇరవై నాలుగో రోజు పొద్దున్న గదిలోకి అడుగుపెట్టగానే ముగ్గురూ గుమ్మంలోనే ఆగిపోయారు.

వచ్చింది. అదే. చెవుల వెనక చల్లగా, అరిపాదాల కింద వెచ్చగా ఉంది. గడ్డి ఆరుతున్న వాసన, ఎక్కడో దీపం ఆరాక వచ్చే పొగ వాసన. ఆకాశం ఎత్తుగా ఉంది, ఇంకెవరికీ అందనంత ఎత్తుగా. ఎవరూ మాట్లాడలేదు. లిఖితమ్మ కూర్చుని పత్తి తీసింది. వేళ్ళు వాటంతటవే తిరిగాయి. పైడిరాజు గవ్వలు ముందర పెట్టుకుని వెయ్యడం మరిచిపోయాడు. నస్రీన్ కళ్ళు మూసుకుంది. ఆమె పెదాల మీద ఎవరి పేరో కదిలింది గానీ బయటికి రాలేదు. ఎవరి శరత్తులోకి వాళ్ళు వెళ్ళిపోయారు. సాయంత్రానికి లిఖితమ్మ పళ్ళెంలో రెండు వేల వత్తులున్నాయి.

అద్దం అవతల ఆద్య కళ్ళ నిండా నీళ్ళు. చప్పట్లు కొట్టాలనుకుంది. అప్పుడు అంకె చూసింది.

నిన్న డెబ్భై ఒకటి. ఇవాళ ముప్ఫై నాలుగు.

మర్నాడు గదిలో చేపల బజారు చెమ్మ. పత్తి ముద్ద కట్టేసింది.

"ఏటిదమ్మా డాక్టరూ," అంది లిఖితమ్మ. కోపంలో ఆమె మాట మళ్ళీ చిన్నప్పటి వీధికి వెళ్ళిపోతుంది. "నిన్న బంగారంలాగ ఉంది గదా. ఎవర్తె మార్చీమంది?"

"ఎవరూ మార్చలేదు మామ్మగారూ. మీరు నిన్న ప్రశాంతంగా ఉన్నారు కదా, గుండె నెమ్మదించింది. యంత్రం మీకు నచ్చలేదనుకుంది."

"నచ్చితే ఊరుకుంటాం. నచ్చకపోతేనే గదా అరుస్తాం. ఆ మాత్రం తెలీదా దానికి?"

"తెలీదు. నేనే నేర్పలేదు." ఆద్య తల దించుకుంది. "మీరు ఏది బాలేదో చెప్పుకుని దెబ్బలాడుకున్నప్పుడే అంకె పైకి వెళ్ళింది, ఇన్నాళ్ళూ. నేను అది శరత్తు దగ్గరపడుతున్న గుర్తు అనుకున్నాను."

"అయితే నీ చేత్తో తిప్పీ. నిన్నటిది పెట్టీ."

"మనిషి చెయ్యి పడితే ప్రయోగం రద్దవుతుంది. ఈ శాల మూసేస్తారు. ఇరవై రోజుల్లో పౌర్ణమి, అంతవరకూ నన్నూ ముట్టుకోనివ్వరు."

లిఖితమ్మ పత్తి పళ్ళెం పక్కకి జరిపింది. అద్దం వెనక వెలుగుతున్న అంకెని చూసింది. సబ్‌స్టేషనులో లోడు పడిపోతుంటే చూసినట్టే చూసింది. "అంటే మంచి గాలి వచ్చినప్పుడు ఆ అంకె పడిపోకుండా ఉండాలి. అంతేగదా?"

"అంతే."

"అంకె నేను చూసుకుంటాను."

మిగతా ఇద్దర్నీ కూర్చోబెట్టి సంగతంతా చెప్పింది. అక్క సంగతీ, అబద్ధం సంగతీ కూడా. పైడిరాజు మీసం దువ్వుకుని, "దెబ్బలాటే గదా. మా పోర్టులో క్రేన్ల దగ్గర ముప్ఫై యేళ్ళు అదే ఉద్యోగం," అన్నాడు. రెండు రోజులు ముగ్గురూ యంత్రాన్ని దారిలో పెట్టారు. చెమ్మ తగ్గించమని ఒకరు, ఔనని ఒకరు. ఇరవై ఏడో రోజు మధ్యాహ్నానికి ఆ గాలి తిరిగొచ్చింది. పౌర్ణమికి ఇంకా పద్దెనిమిది రోజులు. రోజుకి రెండు వేలు చేస్తేగానీ తెమలదు.

"మొదలుపెట్టండి," అంది లిఖితమ్మ పత్తి తీసుకుని.

"ఓ లిఖితక్కా, నువ్వు చాలా చెడ్డదానివి," అంది నస్రీన్, పాఠం ఒప్పచెప్పినట్టు.

"అవును. మహా చెడ్డది," అన్నాడు పైడిరాజు.

అంకె నలభైకి దిగింది. యంత్రానికి భాష రాకపోయినా నాడి తెలుసు. ఉత్తుత్తి కోపానికి రక్తం కదలదు.

లిఖితమ్మ వత్తి తిప్పుతూనే ఉంది. తల ఎత్తకుండా అంది. "రాజన్నయ్యా, నువ్వు గవ్వలు వేసేటప్పుడు బొటనవేలితో ఒక దాన్ని బోర్లా తిప్పుతావు. ఇరవై రోజులుగా చూస్తున్నాను. నస్రీనుని పిచ్చిదాన్ని చేసి గెలుస్తున్నావు."

పైడిరాజు గవ్వలు నేల మీద పెట్టేశాడు.

"నా బొటనవేలు వంకర," అన్నాడు పైడిరాజు. గొంతు మారింది. "క్రేను గొలుసులో పడి నలిగింది. ఎనభై యేళ్ళ మనిషిని దొంగంటావేటి?"

"వంకరేలు అచ్చంగా అష్టా పడాల్సొచ్చినప్పుడే వంకర తిరుగుతుందా?"

"అన్నా," అంది నస్రీన్ నెమ్మదిగా, "మొన్న నా రెండు కాయలు చంపావు చూడు. అదీ వేలేనా?"

అంకె ఎనభై ఆరు. గాలి కదల్లేదు. లిఖితమ్మ ఆ రోజు రెండు వేల నూరు చేసింది.

ఇక రోజుకొకటి. ఇన్నేళ్ళూ మర్యాదకి దాచుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే తీసింది. తన పెళ్ళికి నస్రీన్ కుట్టిన జాకెట్టు చంకల్లో పట్టేసిందనీ, యాభై యేళ్ళుగా పెట్టెలోనే ఉందనీ చెప్పింది. "ఆ రోజే చెబితే విప్పి కుట్టేదాన్నిగా. వేసుకున్నాను, బ్రహ్మాండంగా ఉందన్నావు. ఆ మాట పట్టుకుని నేను కొట్టు పెట్టాను," అని నస్రీన్ ఏడ్చింది. తుఫానులో ఓడ మీంచి కంటెయినరు ఒంటిచేత్తో దింపానని పైడిరాజు చెప్పే కథ వెయ్యిసార్లు విన్నాననీ, ప్రతిసారీ కంటెయినరు బరువు పెరుగుతోందనీ చెప్పింది. ఆ దెబ్బకి అతను రెండు రోజులు ఆమెతో పలకలేదు. పలక్కుండా గోడవైపు తిరిగి కూర్చుని ఉడికిపోతుంటే అంకె తొంభై దగ్గర నిలబడింది.

వాళ్ళూ ఊరుకోలేదు. ముప్ఫై ఎనిమిదో రోజున నస్రీన్ సూదిలో దారం ఎక్కిస్తూ, చూపు ఎత్తకుండానే అంది. "నువ్వు ఎవరి మాటా పూర్తిగా వినవు లిఖితక్కా. నీకు కావలసిన జవాబు నువ్వే చెప్పేస్తావు. మీ అక్క మాట మానేసిందంటే ఎందుకు మానదు?"

లిఖితమ్మ వేళ్ళు ఆగాయి. ఒక్క వత్తి మధ్యలో విడిపోయింది. ఆద్య అద్దం అవతలినుంచి లేచి నిలబడింది, "మామ్మగారూ, ఇవాళ్టికి ఆపుదామా" అని అడగడానికి.

"ఏం ఆపక్కర్లేదు," అంది లిఖితమ్మ. ఆ విడిపోయిన వత్తిని పక్కన పెట్టి ఇంకో చిటికెడు పత్తి తీసుకుంది. కళ్ళు తుడుచుకోలేదు. చేతులు తడవకూడదు కదా.

నలభై నాలుగో రోజు సాయంత్రం ఆఖరి కట్టకి దారం చుట్టింది. ముగ్గురిలో ఎవరికీ ఇంకొకరి మీద చెప్పడానికి ఏమీ మిగల్లేదు. పైడిరాజు ఒక్క మాట అన్నాడు. "అయిపోయాయిగా. ఇంక నాకు పుల్లటి మజ్జిగ ఇప్పించు, గొంతు పోయింది."

పౌర్ణమి రోజు బయట తుఫాను. కిటికీల ఉక్కు రెక్కలు మూసేశారు. నర్సింగ్ హోమ్ బండిలో ప్రత్యూషని తీసుకొచ్చారు. చక్రాల కుర్చీలో, భుజాల మీద దుప్పటితో, ఎటూ చూడకుండా ఆమె లోపలికొచ్చింది. మర్యాదకి ఆద్యే ఆమె చేతికి పట్టీ కట్టింది. ఇత్తడి గంగాళంలో నువ్వులనూనె పోసి, వత్తుల కట్టలన్నీ చుట్టూ పేర్చి ఉంచారు. కప్పు మీద పున్నమి చంద్రుడు.

"అక్కా, ఇవిగో. లక్షా," అంది లిఖితమ్మ.

ప్రత్యూష చెయ్యి దుప్పట్లోంచి మెల్లగా బయటికొచ్చింది. ఒక కట్ట తీసి తడిమింది. ఇంకొకటి తీసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. నలభై యేళ్ళ నాటివి గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. కొత్తవి మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నాయి. ఇన్నాళ్ళ పట్టుదలలో లిఖితమ్మకి ఆ సంగతి తట్టనేలేదు.

"ఇవి నిన్నా మొన్నా చేసినవి," అంది ప్రత్యూష.

"అక్కా..."

"పోయినేడు అయిపోయాయన్నావు."

"అన్నాను. అబద్ధం."

"నా మొహం చూసి చెప్పావు." గొంతు బొంగురుగా ఉంది, తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టు. కానీ ప్రతి మాటకీ గట్టిపడుతోంది. "మంచం మీద ఉందిలే, ఏం చెప్పినా నమ్ముతుందిలే అనుకున్నావు. చిన్నప్పుడూ ఇంతే నువ్వు. నా పలక పగలగొట్టి పిల్లి పగలగొట్టిందన్నావు. మనింట్లో పిల్లి లేదు."

పైడిరాజు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అద్దం మీద అంకె తొంభై రెండు. రెండేళ్ళుగా మాట మానేసిన మనిషి చెంపలు ఎర్రబడ్డాయి. ఆమె కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది. మొదటిసారిగా గదిని చూసింది, చంద్రుణ్ణి చూసింది. ముక్కు ఎగబీల్చింది.

"ఇదేం కార్తీకమే," అంది. "మామిడిపూత వాసనేదీ?"

యంత్రం విన్నది. నాలుగు వందల గొట్టాల్లోంచి మామిడిపూత వాసన మెల్లగా, తియ్యగా, కొంచెం వగరుగా దిగింది. ప్రత్యూష కళ్ళు మూసుకుంది. ముడతలు పడ్డ ఆ చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడటం లిఖితమ్మకి స్పష్టంగా కనిపించింది.

"ఇదీ," అంది ప్రత్యూష. "ఇదీ మనం వత్తులు చేసుకున్న గాలి. ఈ వాసనలోనే కదే, అరుగు మీద కూర్చుని..."

అంకె తొంభై ఎనిమిది. ఇన్ని రోజుల్లో ఎన్నడూ అంత రాలేదు.

మామిడి పూసేది మాఘంలో. అది తెలియని ముసలివాళ్ళు ఆ గదిలో లేరు. అక్క ఏ మాఘమాసపు పొద్దుటిని పట్టుకొచ్చి ఈ కార్తీకంలో కలుపుకుందో ఆమెకే తెలియాలి. పైడిరాజు నోరు తెరిచాడు. నస్రీన్ అతని మోచెయ్యి పట్టుకుంది.

ఆద్య లోపలికొచ్చి లిఖితమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "మామ్మగారూ," అంది, దాదాపు గుసగుసగా. "ఇంకొకరు ఔనంటే ఇదే ఖరారవుతుంది. అరవై శాలలకీ ఇదే వెళుతుంది. నేను ఎన్నడూ చూడలేదు, మీకే తెలుసు. ఆ వాసన ఉండేదా?"

కాదంటే, నిన్నటి గాలి ఖరారవుతుంది. పద్దెనిమిది రోజులు కంటికి రెప్పలా కాపాడుకున్న నిజమైన శరత్తు అది. దాని కోసం ఇద్దరు స్నేహితుల్ని ఏడిపించింది, తనూ ఏడ్చింది. కాదంటే, అక్క కళ్ళు తెరుస్తుంది. ఈసారి నోరు మూస్తే మళ్ళీ విప్పుతుందో లేదో. ఇంకెప్పుడూ అక్కకి అబద్ధం చెప్పనని ఇప్పుడే, ఈ నిమిషంలోనే మనసులో ఒట్టు పెట్టుకుంది.

"చెప్పవే," అంది ప్రత్యూష కళ్ళు తెరవకుండానే. "ఉండేదా, లేదా?"

"ఉండేది," అంది లిఖితమ్మ. "గుమ్మంలో అడుగు పెడితే చాలు, గుప్పుమనేది."

ఆ సాయంత్రం లక్ష వత్తులూ ఒకే మంటగా వెలిగాయి. ప్రత్యూష చెయ్యి పట్టుకుని లిఖితమ్మే వెలిగించింది. బయట తుఫాను, లోపల ఆ వెలుగు. అంత వెలుగుని ఆద్య పుట్టి ఎరగదు.

మరుసటి ఏడు అరవై ఊళ్ళలో ఋతుశాలలు తెరిచారు. జనం బారులు తీరారు. ప్రేమించుకున్నవాళ్ళు చేతులు పట్టుకుని ఆ వెన్నెల్లో కూర్చుని, శరత్తు ఇంత తియ్యగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే అనుకున్నారు. పెళ్ళిపందిళ్ళకి కార్తీక అత్తరని కొత్తది బజారులోకి వచ్చింది. మామిడిపూత అత్తరే అది. అన్ని శాలల్లోనూ డెబ్భై దాటినవాళ్ళు చేరి అష్టాచెమ్మా ఆడారు, వామనగుంటలాడారు, వత్తులు చేశారు. ఎవరూ ఆ వాసన తప్పనలేదు. అడిగితే, అవును, మా చిన్నప్పుడూ ఇలాగే ఉండేదన్నారు. కొందరికి ఏ తోటలోంచి వచ్చేదో కూడా గుర్తొచ్చింది.

సీతమ్మధారలో పైడిరాజు, చూడ్డానికొచ్చిన వాళ్ళకి చెబుతున్నాడు. "మా రోజుల్లో కార్తీకం వొస్తే పోర్టు గేటు దగ్గిరే మామిడిపూత వాసన కొట్టీది. కంటెయినరు దింపుతూ కూడా పీల్చీవోణ్ణి."

పోర్టు దగ్గర బొగ్గూ చేపలూ తప్ప ఇంకో వాసన ఉండేది కాదని లిఖితమ్మకి తెలుసు. అతను వేళాకోళమాడుతున్నాడేమోనని మొహంలోకి చూసింది. కాదు. కళ్ళు చెమర్చి ఉన్నాయి. నస్రీన్ వైపు తిరిగింది. "నీకు గుర్తుందా నస్రీనూ?"

"ఎందుకు లేదూ," అంది నస్రీన్. "మా కొట్టు వెనక చెట్టుండేదిగా."

ప్రత్యూష ఇప్పుడు రోజూ వస్తోంది. నోము అబద్ధంతో పూర్తయింది కాబట్టి చెల్లదని తేల్చి, కొత్తగా మళ్ళీ లక్ష మొదలుపెట్టించింది. తను కుర్చీలో కూర్చుని, చెల్లెలు చేసిన ప్రతి కట్టా తీసి చూసి, ఇది లావు, అది పొట్టి అని తిరగ్గొడుతుంది.

ఒక మధ్యాహ్నం పత్తి పక్కన పెట్టి లిఖితమ్మ కళ్ళు మూసుకుంది. గడ్డి ఆరే వాసన, దీపం ఆరాక వచ్చే పొగ వాసన, ఆ రెంటినీ ఒక్కసారి గుర్తు తెచ్చుకుందామనుకుంది. ఇప్పుడవి ఒక్క తన దగ్గరే ఉన్నాయి కదా. ఎంతసేపు వెతికినా ముందు మామిడిపూతే వచ్చి నిలబడుతోంది. దాన్ని పక్కకి నెట్టి చూసింది. దాని వెనక ఏమీ లేదు.

"నిద్రపోతున్నావేమే," అంది ప్రత్యూష. "మళ్ళీ ఏడాది దాకా రాదు. పీల్చుకో బాగా."

లిఖితమ్మ గుండెల నిండా పీల్చుకుంది. నిజం చెప్పాలంటే, చాలా బాగుంది.